ఆరు గంటల వ్యాను, ఆదివారం బల్ల: ఒక పల్లె సంఘ కాపరి కేస్ స్టడీ

ఈ కేసు మా సంఘంలో దాదాపు రెండేళ్లు నడిచింది. ఆ సోదరి, ఆమె భర్త, అప్పటి సంఘ పెద్దలు అందరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, కంపెనీ పేరు రాయను. గుర్తుపట్టే చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. క్రైస్తవులం ఆదివారాన్నే ఎందుకు పెట్టుకున్నాం అని ఒక మనిషి నన్ను అడిగితే తప్పు జవాబు చెప్పాను. ఆ తప్పు వల్ల ఒక కుటుంబం చెయ్యి జారిపోబోయింది. పల్లె సంఘాల్లో సేవ చేసే తోటి కాపరులు, పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

నేపథ్యం

మా సంఘం ఒంగోలుకు దక్షిణాన, హైవేకి తూర్పు పక్క, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. బాప్టిస్టు సంఘం. అరవై కుటుంబాల దాకా ఉంటాయి. నేను వచ్చిన కొత్తలో అందరూ పొలం పనులకు, పొగాకు గ్రేడింగుకు పోయేవాళ్లు. ఇప్పుడు చుట్టుపక్కల పొలాలు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. ఆడవాళ్లు రొయ్యల కంపెనీకి పోతున్నారు. ఈ కేసు నడిచిన రోజుల్లో పొద్దున ఆరింటికి కంపెనీ వ్యాను వచ్చేది. రాత్రి ఏడుకో ఎనిమిదికో దింపేది.

ఆ పని తీరు తెలిస్తే గాని ఈ కేసు అర్థం కాదు. గుంటలో రొయ్యలు పట్టిన రోజు సరుకు ఐసులో కంపెనీకి చేరుతుంది. చేరిందంటే ఇక ఆగేది ఉండదు. తల తీయాలి, ఒలవాలి, నరం తీయాలి, కడగాలి, ఫ్రీజరులోకి పంపాలి. ఆలస్యమైతే సరుకు పాడవుతుంది. అందుకని అక్కడ అందరికీ కలిపి ఆదివారం సెలవు ఉండదు. బ్యాచీకి ఒక రోజు చొప్పున వంతు వేస్తారు. మా ఊరి బ్యాచీకి గురువారం పడింది. ఆదివారం రానన్న మనిషిని మేస్త్రీ మర్నాడు వ్యాను ఎక్కించుకోడు.

అప్పట్లో మా దగ్గర ప్రభురాత్రి భోజనం, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం కలిసి తీసుకునే బల్ల, నెలకొకసారి, మొదటి ఆదివారం, పదిన్నర ఆరాధనలో. తీర్మానాల పుస్తకంలో పాత నియమం ఒకటి ఉండేది: నెలలో కనీసం మూడు ఆదివారాలు ఆరాధనకు రానివారికి బల్లలో పాలు (వంతు) లేదు. ఎవరు ఎప్పుడు రాశారో తెలియదు గాని, దాన్ని గట్టిగా కాపాడుతూ వచ్చింది మాత్రం మా సంఘంలో అందరికంటే పెద్దాయన.

ఆయన పట్టుదల వెనక ఒక చరిత్ర ఉంది. దాన్ని పక్కన పెట్టి ఆయన్ను మూర్ఖుడంటే అన్యాయం చేసినట్టే. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డాక, ఈ ప్రాంతపు మాదిగ పల్లెల్లో విశ్వాసంలోకి వచ్చినవారి ముందు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఇవాళ చదివితే మొదటిది చిన్నదిగా కనబడుతుంది. ఆ రోజుల్లో అదే అన్నిటికంటే ఖరీదైన నియమం. ఊరికి చెప్పులు కుట్టాలి, ఎడ్లతో నీళ్లు తోడే కపిల బావికి తోలు బొక్కెన కుట్టాలి, డప్పు కొట్టాలి. ఆసామి ఎప్పుడు కేకేస్తే అప్పుడు పోవాలి. అలాంటి మనిషి "వారంలో ఈ ఒక్క రోజు నేను నీవాణ్ని కాను, ప్రభువువాణ్ని" అని నిలబడ్డాడు. మా పెద్దాయన ముత్తాత ఒక ఆదివారం ఆసామి బొక్కెన కుట్టనన్నందుకు దెబ్బలు తిన్నాడట. సోమవారం తెల్లవారకముందే వెళ్లి కుట్టి ఇచ్చి వచ్చాడట. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

వచ్చిన సమస్య

ఆ సోదరికి ముప్పై అయిదు దాటాయి. ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి మా సంఘంలోనే పెరిగింది, స్త్రీల సమాజంలో పాటలు ఆమే ఎత్తుకునేది. భర్త పొగాకు కాలంలో ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటాడు. మంట రాత్రీ పగలూ ఆరకూడదు కాబట్టి ఆ రోజుల్లో ఆయనా ఎటూ కదలలేడు. మిగతా నెలల్లో దొరికిన పని చేస్తాడు. ఇంటి అప్పు తీరాలంటే ఆమె కంపెనీకి పోక తప్పలేదు. పోవడం మొదలుపెట్టాక ఆదివారం ఆరాధనకు రావడం ఆగిపోయింది. నియమం ప్రకారం బల్ల కూడా ఆగిపోయింది.

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి బల్లలో పాలు తీసుకొని పద్నాలుగు నెలలైంది. ఒక గురువారం సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యగారూ, నన్ను వెలివేసినట్టా, వేయనట్టా? అదొక్కటి చెప్పండి, నేను పోతా" అంది.

నేను ఏదో సర్దిచెప్పాను. ఆ మాటలు రాయడం అనవసరం. అందులో జవాబు లేదు.

రెండు వారాలకు ఆమె భర్త వచ్చాడు. బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మేలుకొని ఫోనులో ప్రసంగాలు వింటున్నాడు. అందులో ఎవరో, అసలు విశ్రాంతిదినం శనివారమేననీ, ఆదివారాన్ని రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ సూర్యుడి పండుగ నుంచి తెచ్చి పెట్టాడనీ చెప్పారు. ఆయన కోపంగా రాలేదు, బాధతో వచ్చాడు. "బైబిల్లో లేని రోజు కోసం మా ఆవిడకి బల్ల ఆపారా అయ్యగారూ?" అని అడిగాడు.

ఒకే ఇంటి నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. ఆమెది బల్ల గురించి, ఆయనది రోజు గురించి. ఆ రెండూ ఒకటేనని నాకప్పుడు తట్టలేదు.

మొదటి ప్రయత్నం: నాలుగో ఆజ్ఞ

ముందు రోజు సంగతి తేలిస్తే బల్ల సంగతి దానంతట అదే తేలుతుందనుకున్నాను. వరసగా మూడు ఆదివారాలు నిర్గమకాండం 20వ అధ్యాయం మీద ప్రసంగించాను. "విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము." దేవుడిచ్చిన రోజును కూలి కోసం అమ్ముకోవద్దు అన్నాను. పెద్దలు మెచ్చుకున్నారు. ఎవరి కోసం చెప్పానో వాళ్లు మాత్రం అక్కడ లేరు. వాళ్లు కంపెనీలో ఉన్నారు.

మూడో వారం భర్త వచ్చాడు, వెనక వరసలో కూర్చున్నాడు. అయిపోయాక అందరూ పోయేదాకా ఆగి, బైబిలు తెరిచి, నేను చదివినదానికి రెండు వచనాల తర్వాత ఉన్న మాట మీద వేలు పెట్టి చూపించాడు. "ఏడవ దినము నీ దేవుడైన యెహోవాకు విశ్రాంతిదినము." "ఇది ఏడో రోజు అయ్యగారూ. మీరు చదివిన వాక్యం నిజమైతే మనం రేపటి నుంచి శనివారం కూడుకోవాలి. ఆదివారం నిజమైతే ఈ వాక్యం దానికి పనికిరాదు" అన్నాడు.

ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆయన తర్కంలో లోపం ఏదీ లేదు. లోపం నా ప్రసంగంలో ఉంది. ఆదివారాన్ని నేను పేరు మార్చిన సబ్బాతుగా, అంటే యూదుల శనివారపు విశ్రాంతిదినంగా చేశాను. అలా చేసినవాడి దగ్గర శనివారం గురించి అడిగినవాడికి చెప్పడానికి మాట ఉండదు.

మళ్లీ మొదటి నుంచి చదివాను

ఆ నెల నేను ప్రసంగాలు తగ్గించి చదవడం పెంచాను. దొరికినవి ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. తర్వాతి నిర్ణయాలన్నీ వీటి మీదే నిలబడ్డాయి.

మన తెలుగు బైబిల్లో "ఆదివారమున" అని ఉన్న చోట్ల గ్రీకులో ఉన్నది "వారంలో మొదటి రోజు" అనే మాట. భర్త విన్న ప్రసంగీకుడు ఇదే పట్టుకొని, అనువాదకులు మోసం చేశారన్నాడు. మోసం లేదు. వారంలో మొదటి రోజు అంటే ఆదివారమే. నాలుగు సువార్తలూ సమాధి ఖాళీగా కనబడింది ఆ రోజునే అని చెబుతున్నాయి. ఆ రోజే ఎమ్మాయు అనే ఊరి దారిలో ఇద్దరితో నడిచిన ప్రభువు సాయంత్రం వాళ్లతో కూర్చొని రొట్టె విరిచాడు, అప్పుడు గుర్తుపట్టారు. అదే రాత్రి తలుపులు మూసుకున్న శిష్యుల మధ్యకు వచ్చాడు. ఆ రాత్రి అక్కడ లేని శిష్యుడు తోమా కోసం మళ్లీ వచ్చింది కూడా వారం తిరిగాకే. త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు "ఆదివారమున మేము రొట్టె విరుచుటకు కూడినప్పుడు" అర్ధరాత్రి దాకా మాట్లాడాడు. కొరింథువాళ్లను కానుక తీసి పక్కన పెట్టమన్నది కూడా "ప్రతి ఆదివారమున". ప్రకటనలో యోహాను "ప్రభువు దినమందు" అంటాడు.

ఇందులో ఎక్కడా పని మానండి అన్న మాట లేదు. ఇన్నేళ్లు చదివినా ఇది నా కళ్లకు ఆనలేదు. ఉన్నదల్లా కూడడం, రొట్టె విరవడం, పేదలకు తీసి పెట్టడం.

ఇక కాన్‌స్టంటైన్ సంగతి. ఆయన క్రీ.శ. 321 మార్చి 7న ఆదివారం విశ్రాంతి చట్టం చేసిన మాట నిజమే. చట్టం భాషలో సూర్యుడి పేరు ఉన్న మాటా నిజమే. కానీ అంతకు నూట అరవై ఏళ్ల ముందే, సుమారు 155లో, రోములో హతసాక్షి జస్టిన్ చక్రవర్తికి రాసిన విన్నపంలో తమ ఆదివారం ఎలా జరుగుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. పట్టణంలోవాళ్లు, పల్లెలోవాళ్లు ఒక్కచోట కూడుతారు. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతారు. ప్రసంగం, ప్రార్థన, తర్వాత రొట్టె, పాత్ర. రాలేకపోయినవారికి పరిచారకులు వాళ్ల పాలు తీసుకెళ్లి ఇస్తారు. కలిగినవారు ఇచ్చింది అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి పోతుంది. ఈ రోజే ఎందుకంటే రెండు కారణాలు చెప్పాడు. దేవుడు చీకటిని మార్చి లోకాన్ని చేయడం మొదలుపెట్టిన మొదటి రోజు ఇది. యేసు మృతుల్లోంచి లేచిన రోజూ ఇదే.

మన మాటలో సూర్యుడూ మొదలూ రెండూ ఎలా ఇమిడిపోయాయో చూడండి. ఆదివారం ఆదిత్యవారం నుంచి వచ్చింది, అంటే సూర్యుడి వారమే. కానీ తెలుగు చెవికి అందులో ఆది వినబడుతుంది, మొదలు వినబడుతుంది. భర్తకు ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

జస్టిన్ కంటే ముందు, సుమారు 112లో, బితూనియ ప్రాంతాన్ని ఏలిన ప్లినీ అనే అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఉంది. క్రైస్తవులు ఒక నియమించిన రోజున తెల్లవారకముందే కూడి క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాట పాడతారనీ, విడిపోయి తర్వాత భోజనానికి మళ్లీ కూడతారనీ అందులో ఉంది. తెల్లవారకముందు ఎందుకు? అది వాళ్లకు సెలవు రోజు కాదు గనక. అందులో బానిసలున్నారు, కూలివాళ్లున్నారు. పొద్దెక్కితే యజమాని పిలుస్తాడు. సూర్యుడి పేరుతో చట్టం రాకముందు దాదాపు మూడొందల ఏళ్లు క్రైస్తవులకు ఆదివారం పనిరోజే.

321 చట్టంలో ఇంకో సంగతి ఉంది. న్యాయాధిపతులు, పట్టణ ప్రజలు, చేతిపనివాళ్లు విశ్రమించాలి అంటూనే, పొలం పని చేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. అదను తప్పితే పంట పోతుందని కారణం కూడా రాశారు. గుంట పట్టిన రోజున ఐసులో ఉన్న సరుకు నాకు గుర్తొచ్చింది.

రెండో ప్రయత్నం: గురువారం బల్ల

చదివింది సరిగానే చదివాను. అమలు చేయడంలో మళ్లీ తప్పాను. విశ్రాంతి ముఖ్యం కాదు, కూడడం ముఖ్యం అనుకున్నాక, వాళ్ల సెలవు గురువారం కాబట్టి గురువారమే బల్ల పెడదామనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న కారణాలూ బలంగానే ఉన్నాయి. ప్రభువు ఈ భోజనాన్ని ఇచ్చింది అప్పగింపబడిన రాత్రి, సంఘాలు గురువారంగా జ్ఞాపకం చేసుకునే రాత్రి. అపొస్తలుల కార్యాలు 2లో ప్రతిదినం ఇంటింట రొట్టె విరిచారని ఉంది. మన ప్రాంతపు చరిత్రే తీసుకున్నా, 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. లెక్క వేసి చూస్తే అది బుధవారం.

పెద్దలు అయిష్టంగా ఒప్పుకున్నారు. మూడు నెలలు పెట్టాం. మొదటి నెల ఏడుగురు వచ్చారు, మూడో నెల ఇద్దరు. ఆ సోదరి రెండోసారి నుంచే రాలేదు. ఎందుకని అడిగితే మా ఇంటావిడతో అన్న మాట ఇది: "అమ్మగారూ, మాకు ఇంట్లో పెట్టలేక అరుగు మీద విస్తరేసినట్టుంది."

సంఘమంతా ఆదివారం తినే బల్ల వేరు, కూలివాళ్లు గురువారం తినే బల్ల వేరు అయిపోయింది. రొట్టె ఒకటే, రసం ఒకటే, మందిరం కూడా ఒకటే. ఆ మధ్యాహ్నం అక్కడ పెద్దాయన లేడు, ఆమె తోటికోడలు లేదు, కలిసి పాడిన స్నేహితురాలు లేదు. బాప్తిస్మం ఒక మనిషి ఒక్కసారి పొందేది, దానికి ఏ రోజైనా సరిపోయింది. బల్ల అందరూ కలిసి కూర్చునేది. మొదటి సంఘం గురువారం రాత్రిని మరిచిపోలేదు, అయినా వారం వారం కూడడానికి మాత్రం లేచిన ప్రభువు తమతో రొట్టె విరిచిన రోజునే పట్టుకుంది. అప్పగింపబడిన రాత్రి బల్ల దగ్గరున్నవాళ్లు ఆ రాత్రే చెదిరిపోయారు. వాళ్లను మళ్లీ ఒకచోట చేర్చింది ఆదివారం. గురువారం బల్ల ఎందుకు నిలవలేదో నాకు ఇక్కడ అర్థమైంది.

మూడో ప్రయత్నం: ఆదివారం రాత్రి

అయితే రోజు ఆదివారమే, గంట మారుద్దాం అనుకున్నాం. ఎమ్మాయు సాయంత్రమే కదా, త్రోయలో రాత్రే కదా. మొదటి ఆదివారం బల్లను రాత్రి ఎనిమిదిన్నరకు మార్చాం. ఆశ్చర్యంగా పెద్దలు అడ్డు చెప్పలేదు.

సంఘం మొత్తం వచ్చింది. కంపెనీకి పోయే ఆడవాళ్లలో ముగ్గురే వచ్చారు, వాళ్లూ తలుపు పక్కనే కూర్చున్నారు. రెండు నెలలు ఇదే తీరు. పెద్దల్లో ఒకాయన, "చూశారా, సాకులేగాని మనసు లేదు" అన్నాడు. నిజం చెప్పాలంటే, నేనూ లోపల అలాగే అనుకున్నాను.

అసలు కారణం మూడో నెలలో తెలిసింది. మా ఇంటావిడ ఆమె ఇంటికి వెళ్లి పొయ్యి దగ్గర కూర్చొని మాట్లాడినప్పుడు, ఆమె చేతులు చాపి చూపించిందట. రోజంతా ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో నాని చర్మం తెల్లగా పాలిపోయి, వేళ్ల చివర్లు రొయ్య ముళ్లకు చీరుకుపోయి ఉన్నాయి. "ఎంత తోమినా వాసన పోదు అమ్మగారూ. పక్కన కూర్చున్నోళ్లు ముక్కు తిప్పుకుంటారు. ఈ చేతుల్తో ఆయన రొట్టె ఎట్టా ముట్టుకునేది?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనసు లేదనుకున్నాం. వాళ్లు బల్లను మాకంటే ఎక్కువ గౌరవించబట్టే రాలేదు. ఇక్కడ నా తప్పు సూటిగా చెబుతాను: ఏడాదిన్నరలో నేను వాళ్ల గురించి పెద్దలతో మాట్లాడాను, పుస్తకాలు చదివాను, ప్రసంగాలు చెప్పాను. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

వ్యాను దగ్గర

మర్నాటి ఆదివారం పెద్దాయనను రమ్మని బతిమాలి, ఇద్దరం పొద్దున అయిదుమ్ముప్పావుకు వ్యాను ఆగే చోటికి వెళ్లాం. ఆయనకు ఏమీ వివరించలేదు. మంచు పట్టిన పొద్దు. ఆడవాళ్లు తలంటు పోసుకొని, ఉతికిన చీరలు కట్టుకొని, క్యారేజీలు పట్టుకొని వరసగా నిలబడ్డారు. మమ్మల్ని చూసి వందనాలు చెప్పి తలలు దించుకున్నారు. వ్యాను వచ్చింది, ఎక్కారు, పోయింది.

పెద్దాయన కాసేపు నిలబడి, "పదకొండు మంది" అన్నాడు. మన సంఘంవాళ్లే పదకొండు మంది. మేము ఇంతకాలం ఒక్క కుటుంబం సమస్య అనుకున్నాం. అందులో ఆయన మనవరాలు కూడా ఉంది, ఆమె పోతున్నట్టు ఆయనకు ఇంట్లో చెప్పలేదు.

దారిలో ఆయన ముత్తాత సంగతి నేనే ఎత్తాను. "పెద్దయ్యా, ఆ రోజు ఆయన పని మానింది రోజు కోసమా, బల్ల కోసమా?" అని అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఇల్లు వచ్చాక, గేటు మీద చెయ్యి వేసి, "కూడుకోనివ్వరని మానాడు. పని మీద పగ కాదు" అన్నాడు.

ఆ వారం పెద్దల కూడికలో ఒక్క వాక్యమే చదివాను, 1 కొరింథీయులకు 11:33. "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." దానికి ముందు పౌలు మందలించింది ఎవరినో కూడా చదివాం. ఒకనికంటే ఒకడు ముందుగా తినేస్తున్నారు, ఒకడు ఆకలితో ఉండిపోతున్నాడు, పేదలను సిగ్గుపరుస్తున్నారు. తీరిక ఉన్నవాళ్లు ముందు వచ్చి తినేశారు, లేనివాళ్లకు ఏమీ మిగల్లేదు. పదిన్నర ఆరాధన అనేది తీరిక ఉన్నవాళ్ల గంట. మేము ఎవరికోసమూ కనిపెట్టుకోలేదు.

నిలబడిన పద్ధతి

ఏ గంట అని ఈసారి మేము నిర్ణయించలేదు. ఆ పదకొండు మందినే అడిగాం. వాళ్లు ఒక్కమాటగా తెల్లవారుజాము అన్నారు. ఎలాగూ మూడున్నరకు లేస్తారు. స్నానమై, చేతులు శుభ్రంగా ఉండే గంట అదొక్కటే. ఈస్టరు రోజున మన పల్లెల్లో చీకటితోనే లేచి పాడుతూ సమాధుల తోటకు పోయే అలవాటు ఉంది కాబట్టి సంఘానికీ ఇది కొత్త కాదు. ఏడాదికోసారి చేసేదాన్ని నెలకోసారి చేయమంటున్నారు, అంతే. యోహాను రాసింది కూడా అదే గంట గురించి: "ఆదివారమున ఇంకను చీకటిగా ఉన్నప్పుడు."

మొదటి ఆదివారం నాలుగున్నరకు మొదలు, అయిదుంపావుకు ముగింపు. మైకు లేదు. ఒక పాట, ఒక వాక్యభాగం, ప్రసంగం పది నిమిషాలు దాటదు. తర్వాత బల్ల. నల్లద్రాక్ష ఉడికించి వడగట్టిన రసం, మా ఇంటావిడ చేసిన రొట్టె. పదిన్నర ఆరాధన మామూలుగా జరుగుతుంది, కానీ ఆ రోజు అందులో బల్ల ఉండదు. ఇదే అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. రెండు గంటల్లోనూ పెడితే అందరికీ సుఖం. కానీ గురువారం చేసిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది. బల్ల ఒక్కటే ఉండాలి, దానికి తీరిక ఉన్నవాళ్లే లేచి రావాలి అన్నాం. కొందరు గొణిగారు. రెండు కుటుంబాలు కొన్నాళ్లు ముఖం చాటేశాయి. ముసలివాళ్లకు, బాలింతలకు, బ్యారన్ దగ్గర మంట వదిలి రాలేనివాళ్లకు ఆ పొద్దున్నే పెద్దలు రొట్టె, పాత్ర తీసుకొని పోతారు. జస్టిన్ కాలంలో పరిచారకులు చేసిన పనే అది.

మూడు ఆదివారాల నియమాన్ని పెద్దాయనే తీర్మానాల పుస్తకంలో కొట్టివేయించాడు. దాని బదులు ఏం రాయాలని అడిగితే, 11:33 రాయమన్నాడు.

మొదటి తెల్లవారుజామున ఆ సోదరి ముందు వరసలో కూర్చుంది. పాట ఆమే ఎత్తుకుంది. పళ్లెం పట్టుకొని వరసలోకి వచ్చింది పెద్దాయన. ఆమె చెయ్యి చాపడానికి కాస్త ఆగింది. ఆయన పళ్లెం కిందికి వంచి, "తీసుకో తల్లీ" అన్నాడు. ఇంతకు మించి నేను రాయలేను.

పాఠాలు, ఇంకా తెగనివి

ఇలాంటి కేసు మీ దగ్గరికి వస్తే, మొదట ఆదివారం గురించి మీరు ఏ కారణం చెబుతున్నారో చూసుకోండి. విశ్రాంతి ఆజ్ఞ మీద ఆదివారాన్ని నిలబెడితే, పని చేసేవాడు దోషి అవుతాడు, శనివారం అడిగినవాడికి జవాబూ ఉండదు. లేచిన ప్రభువు మీద, ఆయనతో విరిచిన రొట్టె మీద నిలబెడితే, కాపాడవలసింది కూడిక. అప్పుడు రోజు కదలకుండానే గంట కదలగలదు. విశ్రాంతి దేవుడి వరమే, అది లేకుండా ఏడాది పొడుగునా ఒళ్లు హూనం చేసుకునే ఆడవాళ్లకు అది దొరకాలని నేను ప్రార్థిస్తాను. దొరకలేదని వాళ్లను బల్ల నుంచి లేపే హక్కు మాత్రం నాకు లేదు.

రెండో సంగతి, సమస్య తెచ్చిన మనిషిని కాక వాళ్ల దినచర్యను చూడండి. నాకు పుస్తకాల్లో పట్టిన నెలకంటే వ్యాను దగ్గర పట్టిన పదిహేను నిమిషాలు ఎక్కువ నేర్పాయి. పుస్తకాలు వృథా అని కాదు. అవి లేకపోతే ఆ పొద్దున చూసినదానికి అర్థం తెలిసేది కాదు.

పాత నియమాన్ని కొట్టేయాలనుకుంటే, దాన్ని కాపాడుతున్న మనిషితోనే కొట్టించండి. ఆయన ముత్తాత దెబ్బలు తిన్నది ఊరికే పోలేదని ఆయనకు తెలియాలి.

భర్త విషయంలో నేను గెలిచానని చెప్పలేను. ఆయన ఇప్పటికీ శనివారం ఉపవాసం ఉంటాడు, ఆ రోజు పనికి పోడు. మొదటి ఆదివారం తెల్లవారుజామున భార్య పక్కన వచ్చి కూర్చుంటాడు. రోమీయులకు 14:5 ఇద్దరం కలిసి చదివాం: "ప్రతివాడును తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను." అక్కడ ఆగాం. పెద్దల్లో ఒకరికి ఇది నచ్చలేదు.

పోయిన నెల నుంచి కంపెనీ వ్యాను ఆరింటికి బదులు అయిదింటికి వస్తోంది. నాలుగున్నరకు మొదలుపెడితే బల్ల అందదు. మూడుమ్ముప్పావుకు పెట్టాలని ఆడవాళ్లు అంటున్నారు. ముసలివాళ్లు ఆ చలిలో రాలేరని పెద్దాయన దిగులు. ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరం కూర్చొని మాట్లాడుకోవాలి. ఆ పదకొండు మంది కూడా ఉండాలి కాబట్టి, వ్యాను వాళ్లను దింపేదాకా ఆగి మొదలుపెడతాం.